ఆదివారం పొద్దున్నే చెరువు గట్టు మీద పిట్టల్ని లెక్కపెట్టడం ఎందుకు?

 

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రిగారు లేచి అడిగారు. "సార్, ఆదివారం ఒక్కరోజే పిల్లలు ఇంటిపట్టున ఉండేది. ఆ రోజు కూడా తెల్లారకుండా లేపి, పిట్టల్ని చూడ్డానికి చెరువు దగ్గరికి పంపమంటున్నారు. దీనికేమైనా మార్కులున్నాయా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మార్కులు లేవు. ఆ రోజు టైము చాలక రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను గానీ, ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి సరిగ్గా జవాబు చెప్పకుండా అనుమతి కాగితం మీద సంతకం పెట్టమనడం పద్ధతి కాదు. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా, ఇది మన బడి కొత్తగా కనిపెట్టిన పని కాదు. బెంగళూరులో పిట్టల్ని చూసే వాళ్ళ బృందం యాభై ఏళ్ళకు పైగా ఉంది. దాని పేరు బర్డ్‌వాచర్స్ ఫీల్డ్ క్లబ్ ఆఫ్ బెంగళూరు. 1972లో జోసెఫ్ జార్జ్ గారు మొదలుపెట్టారు. ఆయన కలప మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త, పక్షులు ఆయన ఉద్యోగం కాదు. ఈ సంగతి పిల్లలు గమనించాలి. ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ఇంకేదో ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళలో చేసినవాళ్ళే. బ్యాంకు వాళ్ళు, డాక్టర్లు, టీచర్లు, ఇప్పుడైతే మన కుందలహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున లాల్‌బాగ్‌లో కలిసి నడవడం ఈ క్లబ్బు ఆనవాయితీ. చేరడానికి పెద్ద తతంగమేమీ లేదు. వెళ్ళి నిలబడితే చాలు, పక్కవాళ్ళు చూపిస్తారు. అలా చూసినవాటిని పోగుచేసి, 1994లో బెంగళూరు పక్షుల జాబితా ఒకటి పుస్తకంగా వేశారు. మన తెలుగునాట కూడా 1980లో హైదరాబాదులో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఇప్పుడు దాన్ని డెక్కన్ బర్డర్స్ అంటున్నారు.

వీళ్ళు చేసే పని చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నడుస్తారు, చూస్తారు, రాసుకుంటారు. కానీ రాసుకోవడంలో ఒక పద్ధతి ఉంది, అసలు విషయమంతా అక్కడే ఉంది.

పిల్లలూ, మీరు చెరువు గట్టు మీద ఒకచోట నిలబడ్డారనుకోండి. ముందు తేదీ, టైము, చోటు రాస్తారు. తర్వాత కనీసం పదిహేను నిమిషాలు చూస్తారు. కనిపించిన, వినిపించిన ప్రతి పిట్ట పేరూ, ఎన్ని ఉన్నాయో రాస్తారు. 'ప్రతి' అన్నాను, ఆ మాట కింద గీత గీసుకోండి. మొదటిసారి వెళ్ళినప్పుడు మనవాళ్ళు చేసిన తప్పు అదే. గూడబాతు కనబడగానే గంతులు వేసి రాశారు. నెత్తిమీద తిరుగుతున్న గద్దల్ని, కరెంటు తీగ మీద కూర్చున్న కాకుల్ని, పావురాల్ని ఒక్కరూ రాయలేదు. "కాకుల్ని కూడా రాయాలా సార్?" రాయాలి. ఈ రోజు కాకిని రాయకపోతే, పదేళ్ళ తర్వాత కాకులు తగ్గాయా పెరిగాయా అన్న ప్రశ్నకు మన దగ్గర జవాబుండదు. పిచ్చుకల విషయంలో జరిగింది అదే. అవి ఎప్పుడూ ఉంటాయిలే అని ఎవరూ లెక్క రాయలేదు. బెంగళూరు ఇళ్ళలోంచి మాయమయ్యాక, ఒకప్పుడు ఎన్ని ఉండేవని అడిగితే అందరి దగ్గరా జ్ఞాపకాలే ఉన్నాయి గానీ అంకెలు లేవు. ఉన్న లెక్కల్ని ఒకచోట చేర్చి 2020లో వచ్చిన దేశవ్యాప్త నివేదిక ఏం తేల్చిందంటే, దేశం మొత్తమ్మీద పిచ్చుక ఇంచుమించు నిలకడగానే ఉంది, తగ్గింది బెంగళూరు, హైదరాబాదు, చెన్నై లాంటి పెద్ద నగరాల్లో. అంటే పిచ్చుక అంతరించిపోలేదు, మన ఇళ్ళనే వదిలిపెట్టింది. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

గుంపుని లెక్కపెట్టడానికీ ఒక ఉపాయం ఉంది. నీళ్ళ మీద రెండు వందల బొల్లికోళ్ళు ఉంటే ఒక్కొక్కటీ వేలు చూపించి లెక్కపెట్టలేం. అవి కదులుతూనే ఉంటాయి. ముందు ఒక పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగాలో ఉన్నాయో కంటికి పట్టించుకోవాలి. ఆ ముక్క అలాంటివి ఎన్ని పడతాయో చూసుకుంటూ పోవాలి. మా అమ్మ గుప్పెటతో బియ్యం కొలిచి ఇంతమందికి ఇంత అన్నట్టు. ఇక పోయిన పిట్టే మళ్ళీ వస్తే రెండుసార్లు రాయకూడదు. లకుముకిపిట్ట గట్టుకి ఆ చివరినించి ఈ చివరకి నాలుగుసార్లు ఎగిరితే నాలుగు లకుముకిపిట్టలు కావు. ఒకేసారి కంటికి ఎన్ని కనబడ్డాయో అంతే. లెక్కల మాస్టారు ఈ మాట విని సంతోషించారు. అంచనా వేయడం, తప్పెంత ఉండొచ్చో ఒప్పుకోవడం పాఠంలో ఎంత చెప్పినా ఎక్కదు గానీ చెరువు దగ్గర ఒక్క పూటలో ఎక్కుతుందన్నారు.

ఈ జాబితాలు ఎక్కడికి పోతాయి? ఈబర్డ్ అనే చోట పెడతారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2002లో మొదలుపెట్టింది అది. మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా అనే బృందం దాన్ని చూసుకుంటుంది. ముప్ఫై వేలమందికి పైగా మామూలు మనుషులు పెట్టిన మూడు కోట్ల నమోదుల మీద ఆధారపడి 2023లో మరో నివేదిక వచ్చింది. పాతికేళ్ళకు పైబడిన మార్పు తేల్చడానికి సరిపడా లెక్కలున్నవి 338 జాతులైతే, అందులో 204 తగ్గిపోయాయి. పెరిగినవి 36. ఇది ప్రయోగశాలలో తేలింది కాదు, ఇలా గట్టు మీద నిలబడి కాకిని కూడా రాసినవాళ్ళ వల్ల తేలింది. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా ఒకేసారి ఈ లెక్క జరుగుతుంది. బడులూ కాలేజీలూ తమ ఆవరణలోనే చేయొచ్చు. జనవరిలో ఇంకొకటి, నీటిపక్షుల కోసమే, 1987 నుంచి ఆసియా దేశాల్లో నడుస్తోంది.

సరే, దేశం సంగతి అలా ఉంచండి. మన చెరువుకేం ఒరుగుతుంది?

మనం ఉన్న చోటు ఎలాంటిదో పెద్దలకు తెలుసు. పక్కనే బెళ్ళందూరు, వర్తూరు చెరువులు. నురగ గాలికి లేచి రోడ్డు మీద పడడం మీరు కళ్ళారా చూసిందే. 2017లో, మళ్ళీ 2018లో బెళ్ళందూరు చెరువులో మంటలు లేచాయి. చెరువు తగలబడటం అనే మాట మా చిన్నప్పుడు ఎవరైనా అంటే పిచ్చివాడనుకునేవాళ్ళం. ఆ నీళ్ళే వర్తూరు దాటి దక్షిణ పినాకినిలో కలుస్తాయి. కాబట్టి మురుగు ఎక్కడ కలిసినా అది ఆ ఒక్క వీధి సమస్య కాదు.

చెరువు జబ్బు పడితే ఆ సంగతి మనకన్నా ముందు పిట్టలకు తెలుస్తుంది. కాకపోతే అవి చెప్పేది అర్థం చేసుకోవడం మనం అనుకున్నంత సులువు కాదు. పిట్టలు ఎక్కువుంటే నీళ్ళు బాగున్నట్టే అని నేను కూడా అనుకునేవాణ్ణి. అది తప్పు. పొడుగ్గా సన్నటి ఎర్రకాళ్ళు వేసుకుని తిరిగే ఉల్లంకిపిట్టలు మురుగు నీటిలో హాయిగా మేస్తాయి. అవి వందల్లో చేరాయంటే సంతోషించాల్సిన పని లేదు. గూడబాతులు, నీటికాకులు ఉన్నాయంటే చేపలున్నాయని అర్థం. అయితే మురికిని తట్టుకునే మొండి చేపలూ ఉంటాయి. అందుకే ఒక్క జాతినీ, ఒక్క రోజునీ చూసి తీర్పు చెప్పకూడదు. ఏవి పెరిగాయి, ఏవి మానేశాయి, ఏ నెలలో మానేశాయి అన్నది రెండు మూడేళ్ళ లెక్క ఉంటేనే తెలుస్తుంది. మనం మొదలుపెట్టింది అందుకు.

ఇంకో సంగతి. బెంగళూరులో చెరువుల్ని బాగుచేయడం చాలాచోట్ల ఒకే రకంగా జరిగింది. పూడిక తీసి, గిన్నెలాగా నిట్టనిలువుగా తవ్వి, చుట్టూ నడిచే దారి వేసి, దీపాలు పెట్టడం. పొద్దున వాకింగ్‌కి బాగుంటుంది, నేనూ నడుస్తాను. కానీ బురదలో కాలు పెట్టి పురుగులు ఏరుకునే పిట్టకి బురద కావాలి. గుడ్డికొంగకి మోకాలిలోతు నీళ్ళు కావాలి. నీలం బొల్లికోడికి జమ్ము కావాలి. ఒడ్డు ఏటవాలుగా ఉంటేనే ఇవి బతుకుతాయి. గిన్నె చెరువులో మిగిలేది ఈదేవీ, మునిగేవీ మాత్రమే. మనవైపు రెండు మంచి ఉదాహరణలున్నాయి. సర్జాపుర రోడ్డు మీద కైకొండ్రహళ్ళి చెరువుని నగరపాలక సంస్థ బాగుచేస్తున్నప్పుడు ఆ చుట్టుపక్కలవాళ్ళు మొదటినుంచీ పక్కన కూర్చుని మాట్లాడారు. జె.పి.నగర్ దగ్గర పుట్టేనహళ్ళి చెరువు ఎండిపోయే దశకొస్తే, అక్కడి ఇళ్ళవాళ్ళు 2010లో ట్రస్టుగా ఏర్పడి, నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని తామే చూసుకోవడం మొదలుపెట్టారు. ఇలా అధికారుల ముందు కూర్చున్నప్పుడు 'చెరువు పాడైంది సార్' అంటే ఒకలా ఉంటుంది. 'ఈ మూలన జమ్ము కొట్టేయకముందు ఇన్ని జాతులు, కొట్టేశాక ఇన్ని' అని తేదీలతో కాగితం పెడితే వేరేలా ఉంటుంది. మన పిల్లల కాపీలు రేపు ఆ కాగితం కావచ్చు.

ఇప్పుడు తెలుగు బడిగా మనకున్న ప్రత్యేకమైన పని ఒకటి చెప్తాను. నిజానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

పోయినసారి నడకలో మనతో వచ్చిన అనుభవజ్ఞులొకాయన నీళ్ళలో ముద్దగా తేలుతున్న చిన్న పిట్టని చూపించి 'లిటిల్ గ్రీబ్' అన్నారు. పిల్లలు రాసుకున్నారు. అంతలో అది బుడుంగున మునిగి ఎక్కడో తేలింది. ఆరో తరగతి అమ్మాయి ఒకతె, నాన్న ఇక్కడే మేస్త్రీ పని చేస్తారు, "సార్, అది బుడబుంగ" అంది. పక్కన వాకింగ్ చేస్తున్న కన్నడ పెద్దాయన ఆగి, "మేము గుళుముళుక అంటాం" అన్నారు. రెండు పేర్లలోనూ ఆ మునక వినబడుతోంది చూడండి. ఇంగ్లీషు పేరు రాసుకున్నవాళ్ళకి అది చిన్నదని మాత్రమే తెలిసింది. ఆ అమ్మాయికి అది ఏం చేస్తుందో తెలుసు.

ఇళ్ళల్లో ఇలాంటి పేర్లు చాలా ఉన్నాయి, పిల్లల దాకా రావడం లేదు. గిజిగాడిని కన్నడలో గీజగ అంటారు. మన గోరువంక అక్కడా గొరవంకే. గుడ్లగూబ గూబె. లకుముకిపిట్ట మాత్రం మించుళ్ళి, జెముడుకాకి కెంబూత, పిచ్చుక గుబ్బచ్చి. మన పాలపిట్ట వాళ్ళకి నీలకంఠ. అది తెలంగాణకీ, కర్ణాటకకీ కూడా రాష్ట్రపక్షి. పిల్లలు మూడు భాషల్లోనూ పేర్లు రాసి ఒక పట్టిక తయారు చేస్తున్నారు. తెలుగు గడిలోనే ఖాళీలు ఎక్కువున్నాయి. తెలుగు బడి పెట్టుకుని ఇలా ఉండటం నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

పేర్లతోపాటు కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి. వాటిని కూడా గట్టు మీద పరీక్షించొచ్చు. తీతువుపిట్ట రాత్రిపూట కూస్తే అశుభమని మా నాయనమ్మ తలుపు వేసేసేది. అసలు సంగతేమిటంటే, తీతువు చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద, రాళ్ళ మధ్య, మట్టి రంగులోనే ఉండే గుడ్లు పెడుతుంది. కుక్కో మనిషో అటు వస్తే పైకి లేచి అరుస్తూ వేరే దిక్కుకి మళ్ళిస్తుంది. అది మన చావు గురించి అరవడం లేదు, దాని పిల్లల గురించి అరుస్తోంది. మన లేఅవుట్లలో ఖాళీ సైట్లు ఉన్నంతకాలం అక్కడ తీతువులు ఉంటాయి. పునాది తవ్వితే పోతాయి.

'సైబీరియా కొంగలు' అన్న మాట కూడా అలాంటిదే. పేపర్లో ఎర్రకాళ్ళ కొంగల ఫొటో వేసి సైబీరియా నుంచి వచ్చాయని రాస్తుంటారు. అవి మన దేశం పిట్టలే. నీళ్ళూ చేపలూ చూసుకుని ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి తిరుగుతాయి, అంతే. మనకి దగ్గర్లోనే, హిందూపురం వైపు చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే ఊరుంది. అక్కడ ఊరి చింతచెట్ల మీదే అవి గూళ్ళు కడతాయి. మండ్య జిల్లా మద్దూరు తాలూకా కొక్కరెబెళ్ళూరులో వీటితోపాటు గూడబాతులు కూడా ఊళ్ళో చెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగా చూస్తారు అక్కడివాళ్ళు. కింద రాలిన రెట్ట పొలానికి ఎరువు. నిజంగా దూరం నుంచి వచ్చేవీ ఉన్నాయి. తలమీద రెండు నల్లపట్టీలుండే పెద్దబాతులు హిమాలయాలు దాటి మన రాష్ట్రంలోనే గదగ జిల్లా మాగడి చెరువుకి వస్తాయి. మన చెట్ల మీదికి కూడా చలికాలంలో పిడికెడంత పిట్టలు హిమాలయాల నుంచి, అంతకన్నా పైనుంచి వస్తాయి. బొద్దుగా, ఎర్రగా ఉండవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

చివరగా, కొన్ని ఇంటి విషయాలు. పండక్కి పిల్లలకి గాలిపటాలు కొనిస్తారు, కొనండి. కానీ నైలాను మాంజా కొనొద్దు. దాన్ని 2017లో జాతీయ హరిత న్యాయస్థానం దేశమంతా నిషేధించింది. పండగ అయిపోయినా ఆ దారం చెట్టుకి వేలాడుతూనే ఉంటుంది. గద్ద రెక్క దానికి తగిలితే తెగుతుంది. ఎవరింట్లోనైనా పంజరంలో రామచిలుక ఉంటే, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం కూడా 1972లోదే. ఉన్నట్టుండి వదిలేయొద్దు, ఎగరడం మరిచిపోయి ఉంటుంది. నాకు చెప్పండి, అటవీశాఖవాళ్ళతో మాట్లాడదాం, మీ పేరు బయటికి రాదు. దసరాకి డబ్బులిచ్చి పాలపిట్టని చూపించేవాళ్ళ దగ్గర చూడొద్దు. వాటి రెక్కలు కట్టేసి తెస్తారు. ఇక గూడు కనిపిస్తే ఫోను పెట్టి దగ్గరగా ఫొటోలు తీయొద్దు. ఇది పిల్లలకన్నా మాకే ఎక్కువ చెప్పాలి.

వచ్చే నడక ఈ నెల నాలుగో ఆదివారం. పొద్దున ఆరున్నరకి బడి గేటు దగ్గర కలుసుకుని, టీచర్లతోపాటు నడిచి కుందలహళ్ళి చెరువుకి వెళ్తాం. ఎనిమిదిన్నరకల్లా తిరిగి బడికి వచ్చేస్తాం. పదిమంది పిల్లలకి ఒక పెద్దవాళ్ళు ఉండాలి కాబట్టి అమ్మలో నాన్నలో కొందరు వస్తే మాకు సాయం. నీళ్ళ సీసా, టోపీ, కాపీ, పెన్సిలు తెచ్చుకుంటే చాలు. బైనాక్యులర్ కొనక్కర్లేదు, బడికి రెండున్నాయి, వంతులవారీగా చూస్తారు. తళతళలాడే బట్టలు వద్దు, చిప్స్ ప్యాకెట్లు వద్దు. ఐదో తరగతి నుంచి పైవాళ్ళు రావచ్చు. పరీక్ష ఉన్న పిల్లలు ఈసారి మానేసినా నేనేమీ అనుకోను.

అనుమతి కాగితం గురువారంలోగా క్లాసు టీచరుకి అందాలి. దాని వెనకవైపు పన్నెండు పిట్టల బొమ్మలు వేయించాం, కింద గీతలు ఖాళీగా ఉన్నాయి. ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో, ఊళ్ళో ఉంటే ఫోను చేసో, మీవైపు ఆ పిట్టని ఏమంటారో అడిగి పిల్లలు రాసుకు రావాలి. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరుంటే అన్నీ రాయండి, ఏదీ తప్పు కాదు. సంతకం పెట్టని కాగితమైనా సరే, ఈ వెనకవైపు నింపి పంపండి.